వండర్‌లా, రామోజీ ఫిల్మ్ సిటీ ట్రిప్‌లో హైదరాబాద్‌ను కలపాలా వద్దా? వరంగల్ నుంచి పోయేవాళ్లు ఎలా ప్లాన్ చేసుకోవాలి

హన్మకొండ నుంచి కారులో రామోజీ ఫిల్మ్ సిటీకి పోయి వస్తే దారిలో హైదరాబాద్ తగలనే తగలదు. జనగామ, ఆలేరు, భువనగిరి దాటాక ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాం, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగుతాం, విజయవాడ రోడ్డు మీద కాస్త పోతే గేటు వచ్చేస్తుంది. రైడ్లుండే వండర్‌లా పార్కుకైతే అదే ఔటర్ మీద ఇంకొంచెం ముందుకు పోయి 13వ ఎగ్జిట్ దగ్గర, రావిర్యాలలో దిగుతాం. కరీంనగర్, సిద్దిపేట వాళ్లు శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్, ఆదిలాబాద్ వాళ్లు మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కుతారు, అంతే తేడా. పొద్దంతా ఆడుకుని, చీకటి పడ్డాక వచ్చిన దారినే ఇల్లు చేరతాం. మర్నాడు పక్కింటివాళ్లు అడిగితే మాత్రం “హైదరాబాద్ పోయొచ్చినం” అంటాం.

మా అమ్మ ఒప్పుకోలేదు. “ఏడ సూపిచ్చినవ్‌రా హైదరాబాద్? తోవ పొడుగునా గుట్టలు, టోల్ గేట్లే కదరా సూసింది” అంది. నిజమే. ఆలోచిస్తే మనలో చాలామందికి హైదరాబాద్ అంటే నిమ్స్, గాంధీ ఆస్పత్రి, పిల్లల ఎగ్జామ్ సెంటర్, లేకుంటే లగ్గం బట్టలు. ఏ పనీ లేకుండా ఊరు చూడటానికని పోయిన రోజు ఎంతమందికి ఉంది?

అమ్మ మాట మనసులో పెట్టుకుని, తర్వాతి ఏడు రామోజీ, చార్మినార్ ఒకే రోజు పెట్టుకున్నాం. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అనుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అయింది మా పని. ఆ కథ కింద చెబుతాను. తర్వాత చుట్టాలను వెంటేసుకుని నాలుగైదు సార్లు పోయి వచ్చాక నాకు కుదిరిన పద్ధతి ఇది. నగరం చూడండి, కానీ పార్కు రోజున వద్దు. నగరానికి విడిగా ఒక పూట ఇవ్వగలిగితేనే కలపండి. ఇవ్వలేకపోతే నిమ్మళంగా వదిలేయండి. దారిలో ఆగడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

ముందు గోడ మీద రెండు గీతలు గీయండి

టికెట్ కొనక ముందే చేయాల్సిన పని ఇది. ఇంట్లో టేపు తీసుకుని తలుపు పక్కన గోడ మీద 85 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత, 140 దగ్గర ఇంకో గీత పెట్టండి. పిల్లల్ని చెప్పులు విప్పించి నిలబెట్టండి. వండర్‌లాలో పిల్లల టికెట్‌కు వయసుతో పని లేదు, ఎత్తే లెక్క. 85 లోపు ఉంటే టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దల టికెట్. భయం పుట్టించే పెద్ద రైడ్లలో చాలావాటికి 140 ఉండాల్సిందే. మా చిన్నోడు 136 దగ్గర ఆగిపోయాడు. మునివేళ్ల మీద లేచి, జుట్టు పైకి దువ్వుకుని మళ్లీ నిలబడ్డాడు. అయినా అందలేదు. ఇంట్లోనే తేలింది కాబట్టి సరిపోయింది. అదే రైడ్ ముందు గంట సేపు క్యూలో నిల్చున్నాక కర్ర పెట్టి కొలిచి పక్కకు పంపితే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరం? ఆ ఏడాది రామోజీకి మార్చుకున్నాం.

పిల్లల లెక్క తేలాక పెద్దవాళ్ల సంగతి. బీపీ, గుండె జబ్బు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు వండర్‌లాలో పెద్ద రైడ్లు ఎక్కే వీలు లేదు. వాళ్లు పొద్దంతా బెంచీ మీద మన సంచులు కాపలా కాయాల్సి వస్తుంది. రామోజీలో ఆ బాధ తక్కువ. అది దాదాపు 2 వేల ఎకరాల చోటు, 1996లో మొదలైంది. లోపల వాళ్ల ఎర్ర బస్సులే తిప్పుతాయి, కూర్చుని చూసే షోలు ఉంటాయి. అయితే బస్సు దిగి ఎక్కే చోట్ల నడక మాత్రం తప్పదు.

ఇప్పుడు మీ గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఎవరో చూసుకోండి. ప్లాన్ అంతా వాళ్ల కాళ్లను బట్టే. ఎత్తుకోవాల్సిన పిల్లలు, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ ఇద్దరూ ఉంటే నగరం జోలికి పోకండి. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల పిల్లలుంటే నగరంలో ఒక పూట బాగా నప్పుతుంది, ఆ వయసులో చూసింది గుర్తుంటుంది. అందరూ కాలేజీ పిల్లలే అయితే నా సలహా అక్కర్లేదు, వాళ్లెలాగూ వినరు.

రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏమవుతుంది

మాకు అయింది చెబుతా. తెల్లారి అయిదింటికి హన్మకొండలో బయల్దేరాం. రామోజీ గేటు దగ్గర కారు పెట్టి, టికెట్లు చూపించి, వాళ్ల బస్సులో లోపలికి చేరేసరికే పొద్దెక్కింది. షోలకు టైములు ఉంటాయి. ఒకటి తప్పితే ఇంకోటి, ఒకచోట నుంచి ఇంకోచోటికి ఉరుకులు. మామూలు రోజుల్లో సాయంత్రానికే మూస్తారు, అప్పుడు అందరూ ఒక్కసారే బయటికొస్తారు. తిరుగు బస్సు కోసం లైను, పార్కింగ్‌లో లైను. మేం రోడ్డెక్కేసరికి ఏడు కావస్తోంది.

అక్కడి నుంచి హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్. సరిగ్గా ఆఫీసులు వదిలే వేళ. పాతబస్తీ చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. చార్మినార్ చుట్టూ కార్లు పోనివ్వరన్న సంగతి అక్కడికి పోయాకే తెలిసింది. ఎక్కడో సందులో ఆపి చూస్తే వెనక సీట్లో పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని నిద్ర. లేపితే ఒకడు “ఇంటికొచ్చినమా?” అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అమ్మకు కాళ్లు గుంజుతున్నాయి, దిగనంది. చివరికి నేనూ మా బావమరిదీ నడిచిపోయి, కింద నిలబడి మీనార్లకేసి చూసి, ఫోన్లో రెండు ఫొటోలు తీసి తెచ్చాం. అమ్మ ఆ ఫొటో చూసి “మంచిగుంది” అంది, అంతే.

తిరిగొస్తుంటే జనగామ దాకా రాకముందే నాకు రెప్ప వాలింది. బండి పక్కకు తీసి, హోటల్ దగ్గర ముఖం కడుక్కుని, చాయ్ తాగి అరగంట ఆగాం. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి ఒంటిగంటన్నర. నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల దూరం పొద్దున ఏమీ అనిపించదు. పార్కులో పది గంటలు తిరిగాక రాత్రి అదే దూరం పులిలా ఉంటుంది. అందుకే పార్కు రోజున రాత్రి డ్రైవింగ్ పెట్టుకోవద్దని నా గట్టి మాట. వెంట వేరే డ్రైవర్ ఉంటే అది వేరు.

పార్కు ముందా, నగరం ముందా

ఇది మీరు ఎలా పోతున్నారన్న దాని మీద ఉంటుంది.

సొంత కారైతే పార్కు ముందు పెట్టుకోండి. తెల్లవారుజామునే బయల్దేరితే ఔటర్ మీద ఇబ్బంది లేకుండా నేరుగా చేరతారు. కొమళ్ల, గూడూరు దగ్గర టోల్‌గేట్లు ఉంటాయి, ఔటర్‌కు వేరేగా కడతారు, ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి. సాయంత్రం పార్కు నుంచి ఎల్బీనగర్ వచ్చి బస. రెండో రోజు పొద్దున కారును బస చేసిన చోటే వదిలేసి మెట్రోలో నగరం. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి, కారు తీసుకుని, వెలుతురుండగానే ఇంటి దారి. బైకుల మీద పోదామనుకునే కుర్రాళ్లకు ఒక మాట: ఔటర్ మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు.

బస్సు, రైలులో పోయేవాళ్లు మాత్రం తిరగేయండి. మొదటి రోజు నగరం, రెండో రోజు పార్కు. ఎందుకంటే మీరెలాగూ నగరంలోనే దిగుతారు. పొద్దున పదింటికి దిగి పార్కుకు పరుగెత్తితే అక్కడ సగం రోజు పోయినట్టే, టికెట్‌కు మాత్రం మొత్తం డబ్బులు కట్టాలి. నగరానికి ఆ నష్టం లేదు. పిల్లలు “పార్కుకు ఎప్పుడు పోతం?” అని ప్రాణం తీస్తారు, కొంచెం ఓర్చుకోవాలి. మా అక్క కూతురైతే చార్మినార్ మెట్ల మీద కూడా అదే పాట.

ఏ రోజుల్లో అనేది కూడా చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, అదే రోజు మక్కా మసీదు దగ్గర నమాజుకు జనం ఎక్కువ. కాబట్టి నగరం పూట శుక్రవారం పడకుండా చూడండి. జూపార్కు అనుకుంటే సోమవారం సెలవు. పార్కుకు ఆదివారం, సంక్రాంతి, దసరా సెలవుల మధ్య రోజులు వద్దు. సెలవు పెట్టగలిగితే మంగళ, బుధవారాలు హాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది కదా, ఆ వారంలో మన హైవే మీదికి రాకపోవడమే మేలు. ఆ సంగతి మీకు నేను చెప్పాలా!

బస్సు, రైలు, మెట్రో: ఎక్కడ దిగితే ఎక్కడ ఎక్కాలి

హన్మకొండ బస్సులు ఉప్పల్ మీదుగా పోతాయి. మీరు ఉప్పల్‌లో దిగితే అక్కడి నుంచి ఎల్బీనగర్‌కు సిటీ బస్సు, ఆటో దొరుకుతాయి. మెట్రో నీలం లైను నాగోల్ దగ్గర ఆగిపోతుంది, ఎల్బీనగర్ దాకా పోదు. మ్యాపులో రెండూ పక్కపక్కనే కనబడి మోసం చేస్తాయి.

కరీంనగర్ బస్సులో వచ్చేవాళ్లకు ఇంకా సులువు. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో దిగి, అక్కడే మెట్రో ఆకుపచ్చ లైను ఎక్కితే నేరుగా ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్). రైలులో సికింద్రాబాద్ వచ్చేవాళ్లకు కూడా అదే లైను, సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్‌లో ఎక్కాలి. రైలు టికెట్ తీసేటప్పుడు అది సికింద్రాబాద్ దాకా పోతుందా, చర్లపల్లిలో ఆగుతుందా అన్నది చూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైంది, అక్కడ మెట్రో లేదు.

ఇంట్లో ఆడవాళ్లు ఎక్కువ ఉంటే బస్సే లాభం. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. హైదరాబాద్‌లో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లోనూ అంతే. తెలంగాణ అడ్రసున్న ఆధార్ చేతిలో ఉండాలి. సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే మాత్రం టికెట్ డబ్బులు కట్టాల్సిందే. మెట్రోలో ఎవరికైనా టికెట్ ఉంటుంది. ‘మెట్రో ఎక్స్‌ప్రెస్’ అన్న పేరు చూసి మా వదినె మెట్రో రైలు ఫ్రీ అనుకుని మిషన్ దగ్గర ఆధార్ తీసింది. నవ్వకండి, ఆ రోజు నేనూ అదే అనుకున్నా.

రాత్రి బస ఎల్బీనగర్‌లోనే ఎందుకు

రామోజీ ఇక్కడికి దాదాపు ఇరవై కిలోమీటర్లు. వండర్‌లాకు కూడా ఇటువైపు నుంచే పోవచ్చు. ఎర్ర లైను మెట్రో ఇక్కడే మొదలవుతుంది, కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. తిరుగు ప్రయాణానికి ఉప్పల్ దగ్గర. అమీర్‌పేట, హైటెక్ సిటీ వైపు బంధువులుంటే వాళ్ల ఇంటికి పోవాలనిపిస్తుంది. పోకండి. పొద్దున అక్కడి నుంచి రామోజీకి రావాలంటే నగరం మొత్తం అడ్డంగా దాటాలి. బంధువుల్నే ఎల్బీనగర్ రమ్మనండి, వాళ్లు రారు, అది వేరే సంగతి.

లాడ్జిలో రూము ఫోన్‌లో మాట్లాడుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: లిఫ్ట్ ఈరోజు నడుస్తోందా, పొద్దున ఎన్నింటికి వేడినీళ్లు వస్తాయి, కారు పెట్టే చోటు లోపలేనా రోడ్డు మీదనా. ‘ఈరోజు’ అన్న మాట మరిచిపోవద్దు. ఒకసారి “లిఫ్ట్ ఉందా?” అని మాత్రమే అడిగాం. “ఉంది సార్” అన్నారు. ఉంది, కాకపోతే మూడు నెలల నుంచి చెడిపోయి ఉంది. అమ్మను మూడో అంతస్తు దాకా మెట్టు మెట్టుకు కూర్చోబెడుతూ ఎక్కించాం. పెద్దవాళ్లందరి ఆధార్ ఒరిజినల్స్ తీసుకుపోండి.

నగరం పూట: ఒక్క మూల చాలు

అసలు సంగతి ఇక్కడుంది. ఒక్క పూటలో చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, జూ అన్నీ అనుకుంటే ఏదీ చూడరు. ట్రాఫిక్ చూస్తారు. ఒక మూల పట్టుకోండి. పార్కు కోసం వచ్చినవాళ్లకు నా ఓటు మూసీ ఒడ్డు నుంచి చార్మినార్ దాకా ఉన్న ముక్కకే. రెండు కిలోమీటర్ల లోపలే అంతా ఉంటుంది.

ఎల్బీనగర్‌లో ఎర్ర లైను ఎక్కితే ఏడో స్టేషన్ ఎంజీబీఎస్. అక్కడ దిగి ఆటోలో మూసీ దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. పదింటికి తెరుస్తారు. సంచులు బయట కౌంటర్‌లో పెట్టాలి. లోపల గదులు చాలా ఉన్నాయి, అన్నీ తిరగాలని పట్టు పట్టకండి. మూడు వస్తువులు చూస్తే చాలు, మిగతావి దారిలో వాటంతట అవే కనబడతాయి.

మొదటిది ముసుగు రెబెక్కా. 1876లో బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీద పల్చటి తడిబట్ట కప్పినట్టు ఉంటుంది, ఆ బట్టా రాయే. పిల్లల్ని పక్కవైపు నుంచి చూడమనండి. ముక్కు, పెదవుల దగ్గర ముసుగు అంటుకున్న చోటు అప్పుడు తెలుస్తుంది. రెండోది ఒకే దుంగలో చెక్కిన జంట బొమ్మ. ముందు నుంచి ఠీవిగా నిలబడ్డ మగమనిషి, వెనక నుంచి తల వంచుకున్న ఆడపిల్ల. వెనక పెద్ద అద్దం పెట్టారు, ఒక్క చోటే నిలబడి ఇద్దర్నీ చూడొచ్చు. మా పిల్లలు అద్దంలో చూసి, బొమ్మ వెనక్కి పరుగెత్తి, మళ్లీ అద్దం దగ్గరికి వచ్చి, అలా ఓ పది సార్లు తిరిగారు.

మూడోది సంగీత గడియారం. దీని కోసం టైము కాచుకోవాలి. గడియారం ముందు వరుసగా కుర్చీలుంటాయి. లోపల ఒక కమ్మరి బొమ్మ సుత్తితో క్షణం క్షణం కొడుతూనే ఉంటుంది. గంట కాబోయే ముందు పైతలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు గంట కొట్టి లోపలికి పోతుంది. అందుకే పన్నెండింటికి పోతే పన్నెండు దెబ్బలు. పావు తక్కువ పన్నెండుకే కుర్చీలు పట్టుకోండి, తర్వాత నిలబడాల్సిందే. ఆ కొద్ది నిమిషాల్లో అంత పెద్ద హాలు గప్‌చుప్‌గా ఉంటుంది. వందల మంది ఒక చేతి వేలంత బొమ్మ కోసం మెడలు చాచి చూస్తుంటారు. పిల్లలు ఒక్కొక్క దెబ్బా పైకే లెక్కపెడతారు. ముందు రోజు వేలకు వేలు పోసి ఎక్కిన రైడ్ల కన్నా మా చిన్నోడు ఇంటికొచ్చాక ఈ బొమ్మ గురించే ఎక్కువ చెప్పాడు. వాడి ఒక్కడి మాట పట్టుకుని పార్కులు దండగ అనను. మా పెద్దది పార్కు పేరే ఎత్తుతుంది.

అక్కడి నుంచి పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్. ఎండ లేకపోతే నడవొచ్చు, పెద్దవాళ్లుంటే ఆటోలో ఎంత దగ్గరికి పోనిస్తే అంత దగ్గరికి పోయి దిగండి. టికెట్ తీసుకుంటే మొదటి అంతస్తు దాకా ఎక్కనిస్తారు. మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతూ పోతాయి, ఒక్కో మెట్టు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండి చాయ్ తాగడం మేలు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ పక్కనే. పైకి ఎక్కిన పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి: మన వెయ్యి స్తంభాల గుడి 1163, చార్మినార్ 1591, తేడా ఎంత? మా పెద్దది వేళ్ల మీద లెక్కేసి 428 అంది. తర్వాత “మనదే పాతది” అని అటు పక్కన నిలబడ్డ ఎవరో పిల్లకు కూడా చెప్పొచ్చింది.

కిందికి దిగాక లాడ్‌బజార్. లక్క గాజులు కొనకపోయినా చేసే దుకాణం ముందు కాసేపు నిలబడండి. లక్కను సెగ మీద మెత్తబరిచి, గుండ్రంగా వంచి, మీద రాళ్లు, అద్దం ముక్కలు ఒక్కొక్కటే అద్దుతారు. కొంటే బేరం ఆడండి. మొదట చెప్పిన రేటుకు ఎవరూ ఇవ్వరు. బట్టల దుకాణాలకేసి మాత్రం చూడొద్దు, చూశారో మీ పూట అక్కడే తెల్లారుతుంది. మధ్యాహ్నం రెండు, రెండున్నరకు భోజనం ముగించి వెనక్కి తిరగండి.

గోల్కొండ ఎవరికి

వండర్‌లాకు కారులో పోయినవాళ్లు, మెట్లెక్కే ఓపిక ఉన్నవాళ్లు చార్మినార్ బదులు గోల్కొండ పెట్టుకోవచ్చు. రెండో రోజు పొద్దున్నే ఔటర్ మీద శంషాబాద్ దాటి, అప్పా జంక్షన్ దగ్గర దిగి, లంగర్‌హౌస్ వైపు నుంచి కోటకు చేరొచ్చు. మన పిల్లలకు ఇది పరాయి కోట కాదు. కాకతీయుల కాలంలో గుట్ట మీద మట్టికోటగా మొదలైందని చెబుతారు. తర్వాత ఓరుగల్లు ఏలిన ముసునూరి కాపయ నాయకుడు 14వ శతాబ్దంలో దీన్ని బహమనీలకు ఇచ్చేశాడు. ఇప్పుడు కనబడే రాతికోట కుతుబ్‌షాహీలది. ఓరుగల్లు కోటలో మట్టికోట కట్ట ఎక్కిన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించండి. మీలో ఒకరు పైన బాలాహిస్సార్ దగ్గర ఉంటే ఆ చప్పుడు అక్కడ వినబడుతుంది. ఎండాకాలంలో పది దాటాక మాత్రం వద్దు. రాయి కాలుతుంది.

నగరం వదిలేస్తే దారిలో ఏముంది

రామోజీకి పోయినవాళ్లకు దగ్గర్లోనే సంఘీ గుడి. గుట్ట మీద వేంకటేశ్వరస్వామి, పెద్దవాళ్లకు అక్కడ ఓ గంట కూర్చుంటే చాలు. తిరుగు దారిలో రాయగిరి దగ్గర ఎడమకు తిరిగితే యాదగిరిగుట్ట. 2022 మార్చిలో కొత్త గుడి తెరిచాక చూడనివాళ్లుంటే ఇదే మంచి వేళ. భువనగిరి కోట ఒకటే పెద్ద బండ, దూరం నుంచే కనబడుతుంది. ఎక్కాలంటే మాత్రం పొద్దున పూటే. ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరం, జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పని. ఇవన్నీ ఒకేసారి కాదు, ఒకటి పట్టుకోండి. నిజం చెప్పాలంటే మా అమ్మకు హైదరాబాద్ మొత్తం కన్నా యాదగిరిగుట్టలో దొరికిన ఆ అరగంట దర్శనమే నచ్చింది. అన్నేసి మాటలన్న మనిషి ఆ రోజు కారెక్కి “ఇగ ఇంటికి పోదాం పా బిడ్డా” అంది.

సంచిలో ఏమేం

వండర్‌లా నీళ్ల రైడ్లకు నైలాన్ బట్టలే. కాటన్, జీన్స్‌తో దిగనివ్వరు. పిల్లలకు, మీకు ఇక్కడే కొనుక్కుని పోండి. నేను కాటన్ నిక్కరుతో పోయి అక్కడ కొనుక్కున్నా, అది ఇంట్లో రెండోసారి ఎవరూ తొడగలేదు. తడిబట్టలకు వేరే ప్లాస్టిక్ సంచి, తువ్వాలలు మనిషికొకటి. రెండు పార్కుల్లోనూ బయటి తిండి లోపలికి రానివ్వరు. కాబట్టి సర్వపిండి, సకినాలు దారి కోసం కట్టుకోండి, పార్కు గేటు దగ్గరికి వచ్చేలోపు సగం అయిపోతాయి, మిగిలినవి కారులో లేకుంటే రూములో వదిలేయండి. సర్వపిండి రెండో రోజుకూ బాగుంటుంది, చట్నీ పాడవుతుంది. చిన్నపిల్లల పాలు, మందులకు అడ్డు చెప్పరు, చేతిలో పట్టుకుని చూపించండి.

పార్కు టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. రేట్లు రోజును బట్టి మారుతుంటాయి, పోయే రోజు టైములు కూడా అక్కడే చూసుకోండి. పండగ రోజుల్లో రామోజీలో రాత్రి దాకా కార్యక్రమాలుంటాయి, అలాంటి రోజు పోతే రూము తప్పనిసరి. ఖర్చులో పెద్ద ముద్ద పార్కుదే. నగరం పూటకు మెట్రో, ఆటో, రెండు టికెట్లు, భోజనం తప్ప ఏమీ కాదు, గాజుల దుకాణంలో ఎక్కువ సేపు నిలబడకపోతే.

తిరుగు బస్సు

బస్సులో పోయినవాళ్లకు పార్కు రెండో రోజు కదా. సాయంత్రం నాలుగింటికే బయటికి రావడం మొదలుపెట్టండి, చివరి షో వదిలేసినా ఫర్వాలేదు. ఎల్బీనగర్‌లో రూము పొద్దునే ఖాళీ చేసి, సంచులు కింద కౌంటర్‌లో ఇచ్చి పోతే సాయంత్రం తీసుకోవచ్చు, ముందు అడిగి ఒప్పించుకోండి. అక్కడి నుంచి ఉప్పల్‌కు సిటీ బస్సు, లేదా ఆటో.

ఉప్పల్ చౌరస్తాలో రోడ్డు దాటడానికి కింద ప్రయత్నించకండి. 2023లో పైన నడక వంతెన కట్టారు, లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి. మెట్రో స్టేషన్ నుంచి వరంగల్ రోడ్డు బస్టాపు వైపు అదే దింపుతుంది. పిల్లలు నిద్రకు తూగే వేళ అది. ఒకరు సంచులతో నిలబడి, ఒకరు బస్సు బోర్డు చూడండి. హన్మకొండ అని ఉండాలి. సగం బస్సులు జనగామ, యాదగిరిగుట్ట దాకానే పోతాయి. తొందరలో అవి ఎక్కితే రాత్రి పూట మళ్లీ మారాలి. సీటు కోసం ఒక బస్సు వదిలేయాల్సి వస్తే వదిలేయండి, వెనక ఇంకోటి వస్తుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలాగూ నెమ్మదిగానే కదులుతుంది. ఏళ్లకేళ్లు సాగుతున్న పైవంతెన పనులు అక్కడ. ఘట్‌కేసర్ దాటాకే బస్సు ఊపందుకుంటుంది, సంచిలో మిగిలిన సకినాలు అప్పుడు తీయండి.